చక్రవర్తుల చుట్టరికం

ఈ సంగతి రాసి పెట్టక తప్పని పరిస్థితి వచ్చింది. ఎందుకంటే ఇప్పుడు రెండు అబద్ధాలు ప్రచారంలో ఉన్నాయి. మొన్న భద్రాచలం పడవరేవులో ఒక కుర్రవాడు నాకే చెప్పాడు, పాతకాలంలో బస్తరు సంస్థానంలో ఒక అంగడిలో అడవి జనం తెల్లదొర కళ్ళ ముందే ఇంగ్లండును ఓడించి తిరుగుబాటు చేశారని. మా పాత ఉద్యోగుల్లో ఒకాయన దీనికి పూర్తిగా వ్యతిరేకం చెబుతాడు: ఆ రోజు జనం రాజభక్తితో ఉప్పొంగిపోయారట, దొర కంట తడి పెట్టాడట. నేను అక్కడే ఉన్నాను. తిరుగుబాటూ లేదు, ఉప్పొంగడమూ లేదు. జరిగిందానికి సగం కారణం నేను చదివిన ఒక పుస్తకం. మిగిలిన సగం చుట్టరికం. ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న మీలాంటివాళ్ళు ఏ అబద్ధాన్నీ నమ్మకుండా ఉండాలని రాస్తున్నాను. పేర్లు చెప్పను. చెబితే మనుమలు దెబ్బలాటకు వస్తారు.

మొదటి జర్మనీ యుద్ధం నాటి మాట. నేను సంస్థానం పోలీసులో ముహరీరును, అంటే ఠాణాలో రాతకోతలు చూసే మున్షీని. భేజ్జికి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, వారానికోసారి అంగడి జరిగే ఊళ్ళో చౌకీ. నా చదువు నాలుగో తరగతి. అయితే ఆ ఉద్యోగానికి ముందు గోదావరి పడవల కంపెనీలో సరుకు లెక్కపెట్టే పని చేసేవాణ్ణి. పడవ రానప్పుడల్లా రేవు పక్క గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. పడవలు రాకపోవడమే ఎక్కువ. అందువల్ల నాకు ఖగోళం, గ్రీకుల చరిత్ర, పాము కాటు వైద్యం, ఐరోపా రాజవంశాలు, ఇవన్నీ వచ్చాయి. ఇంగ్లీషు కూడా అక్కడే నేర్చుకున్నాను. మాట్లాడే మనిషి ఎవరూ దొరకలేదు గాని, వ్యాకరణానికి లోటు లేదు.

మా ఠాణేదారు రాయపూరు వైపు మనిషి. మంచివాడే, కానీ భయస్తుడు. దానికి కారణం ఉంది. కొన్నేళ్ళ కిందట సంస్థానం అంతటా పెద్ద అలజడి జరిగింది. అది అణిగాక పైనుంచి వచ్చిన తాఖీదుల్లో ఒకటి, మా అంగడిలో కోడిపందేలు జరపరాదని. పదిమంది గుంపుగా చేరితే ఏం పుడుతుందోనని పైవాళ్ళ అనుమానం. జనం అంగడికి వచ్చేవారు, ఉప్పు కొనేవారు, ఇప్పపువ్వు అమ్మేవారు, బరి ఉన్న చోట గడ్డి మొలవడం చూసి నిట్టూర్చి వెళ్ళిపోయేవారు. అంగడి అంటే వాళ్ళకు కోడిపందెమే. ఉప్పు ఒక మిష.

ఈ నిషేధంతో అందరికంటే నష్టపోయినవాడు కత్తి కట్టే ఆయన. పుంజు కాలికి కత్తి కట్టడం అందరికీ వచ్చే పని కాదు. ఒక నూలు పోగు వదులైతే కత్తి తిరిగి సొంత పుంజు తొడే కోస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయనే. నిషేధం వచ్చాక పని లేక, అంగడిలో చింతచెట్టు కింద కూర్చుని జనాన్ని నవ్వించడం మొదలుపెట్టాడు. మా ఠాణేదారు నడక నడిచి చూపేవాడు. ఉప్పు వర్తకుడు తూకం వేసేటప్పుడు ఊపిరి ఎట్లా బిగబడతాడో చూపేవాడు. నేను దారిలో చదువుకుంటూ వెళ్ళి ఎద్దును గుద్దుకుని ఎద్దుకు క్షమాపణ చెప్పడం కూడా చూపేవాడు. అది నిజంగా జరిగిందే. జనం పొట్టలు పట్టుకునేవారు. కానీ నవ్వించి నవ్వించి, చివరికి ఆయన మొలలోంచి ఆ కత్తిని తీసి ఒకసారి చూసుకుని మళ్ళీ దోపుకునేవాడు. అప్పుడు ఎవరూ నవ్వేవారు కాదు.

ఆయనకు వియ్యంకుడు ఆ ఊరి పటేలు. పటేలు తన ఒక్కగానొక్క కూతురిని ఆ ఏడే కత్తి కట్టే ఆయన కొడుక్కు ఇచ్చాడు. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి. అప్పుడు నేను పెట్టుకోలేదు.

ఇట్లా ఉండగా తాఖీదు వచ్చింది. యుద్ధంలో మన చక్రవర్తి పక్షానికి ఉత్సాహం కలిగించేందుకు ప్రతి పెద్ద అంగడిలో ఆటలు జరపాలి. తాడు లాగే పోటీ పెట్టి, ఒక పక్షానికి ఇంగ్లండు అని, ఒక పక్షానికి జర్మనీ అని పేరు పెట్టాలి. జర్మనీ చక్రవర్తి వేషం ఒకరికి వేసి జనాన్ని నవ్వించాలి. ఇంగ్లండు గెలవాలి. చూడడానికి సంస్థానం పాలన చూసే తెల్లదొర స్వయంగా వస్తాడు.

గ్రీకు దేశంలో ఆటలు వచ్చినప్పుడు యుద్ధాలు ఆపేవారని నేను ఠాణేదారుకు చెప్పాను. మనవాళ్ళు యుద్ధం కోసం ఆటలు పెడుతున్నారని కూడా అన్నాను. ఆయన చుట్టూ చూసి, తలుపు వేసి, గ్రీకు దేశం మన ఠాణా హద్దులో లేదని గుర్తు చేశాడు.

పటేలును పిలిపించి విషయం చెప్పాం. ఆయన అంతా విని ఒకటే అడిగాడు. ఆటలు బాగా జరిగితే మళ్ళీ కోళ్ళు పెట్టుకోనిస్తారా అని. ఠాణేదారు పైకి రాశాడు. దొర వచ్చి జనం నడవడిక చూసి అప్పుడే తేలుస్తాడని జవాబు వచ్చింది. ఆ మాట సాయంత్రానికల్లా ఊళ్ళన్నీ తిరిగింది. అప్పటినుంచి అది జర్మనీ యుద్ధం కాదు, కోళ్ళ యుద్ధం.

కత్తి కట్టే ఆయన జర్మనీ చక్రవర్తి వేషానికి వెంటనే ఒప్పుకున్నాడు. నా దగ్గర ఒక పాత పత్రికలో ఆ చక్రవర్తి బొమ్మ ఉండేది, చూపించాను. మీసాలకు ఎలుగుబంటి వెంట్రుకలు సంపాదించి పైకి తిప్పి అంటించాడు. తలమీద ముల్లున్న టోపీ కావాలంటే ఎండిన సొరకాయ బుర్రను సగానికి కోసి, దాని నెత్తిన తన పందెం కత్తినే నిలబెట్టి కట్టాడు. ఏళ్ళ తరువాత ఆ కత్తికి పని దొరికిందని సంబరపడ్డాడు.

చిక్కు మనుషుల్ని పంచేటప్పుడు వచ్చింది. ఠాణేదారు జనాన్ని వరుసలో నిలబెట్టి, ఒకణ్ణి ఇటు, ఒకణ్ణి అటు అని విడదీశాడు. ఎవరూ తాడు పట్టలేదు. అక్కడి జనం దొర్ల అనే అడవి తెగవాళ్ళు, వాళ్ళలో ఇంటిపేర్లన్నీ గట్లుగా విడిపోయి ఉంటాయి. ఒక గట్టువాళ్ళందరూ అన్నదమ్ములు. వేరే గట్టువాళ్ళు బావమరుదులు, పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్ళు. అన్నదమ్ములు ఎదురెదురుగా నిలబడి తాడు లాగారంటే భూమి పంచమని అడిగినట్టే. ఠాణేదారు మాత్రం అన్నల్ని ఇటు, తమ్ముల్ని అటు నిలబెట్టాడు.

పటేలు నెమ్మదిగా అడిగాడు. "సారూ, ఆ కొట్లాడే రాజులిద్దరు ఒకరికొకరు ఏమైతరు?"

"దుష్మన్లు," అన్నాడు ఠాణేదారు.

"దుష్మన్లు సరే. చుట్టరికం ఏంది?"

నా ఉద్యోగ జీవితం మొత్తంలో నా గ్రంథాలయాన్ని ఎవరైనా పిలిచారంటే ఆ క్షణమే. ఐరోపా రాజవంశాల పుస్తకం చివర పెద్ద వంశవృక్షం ఉండేది. పడవ రాని ఒక వానాకాలమంతా దాన్ని కంఠతా పట్టాను. నేను ముందుకు వచ్చి చెప్పాను. మన చక్రవర్తి తండ్రికి ఒక అక్క ఉండేది. ఆమెను జర్మనీ రాజవంశానికి ఇచ్చారు. ఆమె కొడుకే ఈ జర్మనీ చక్రవర్తి. అంటే మన చక్రవర్తికి మేనత్త కొడుకు.

తరువాత ఆ మాట వరుస చివరిదాకా పోయి నవ్వుగా తిరిగి వచ్చింది.

"బావమరుదులా," అన్నాడు పటేలు. "మరి ముందే చెప్పరాదా పంతులూ. ఇంత సేపు ఎండలో నిలబెట్టిండు ఈ సారు."

ఠాణేదారు నన్ను పక్కకు లాగి, ఇది నిజమేనా, నిజమైతే చెప్పవచ్చా అని అడిగాడు. నిజమని ప్రమాణం చేశాను. రెండో ప్రశ్నకు నా దగ్గర పుస్తకం లేదు.

ఆ తరువాత అంతా సులువుగా జరిగిపోయింది. పిల్లనిచ్చింది ఇంగ్లండు కాబట్టి, పిల్లనిచ్చిన పటేలు గట్టు ఇంగ్లండు అయింది. పిల్లను తెచ్చుకున్న కత్తి కట్టే ఆయన గట్టు జర్మనీ అయింది. అడ్డతీగ నారతో చేతి మణికట్టంత లావు తాడు పేనారు. రోజూ సాయంత్రం సాధన చేసేవారు. జర్మనీ వాళ్ళు "మీ రాజుకు మీసం ఏది బావా" అని ఎగతాళి చేసేవారు. ఇంగ్లండు వాళ్ళు "మీసం ఉంది గాని, మా ఆడపిల్లకు గుడ్డ కొనే దిక్కు లేదు మీ రాజుకు" అనేవారు. ప్రతిసారీ ఇంగ్లండే జర్మనీని గీత దాటించి గెలిచేది. అక్కడ తాడు పడేసి అందరూ కలిసి జీలుగు కల్లు తాగేవారు. ఠాణేదారుకు ఆకలి మళ్ళీ పుట్టింది. నా చదువు ఒక సామ్రాజ్యానికి ఉపయోగపడుతోందని నాకు గర్వంగా ఉండేది.

ఘనంగా ఉండాలని డోళ్ళు పెట్టించింది మాత్రం ఠాణేదారే. ఈ సంగతి ఆయన తరువాత ఎప్పుడూ ఒప్పుకోలేదు.

దొర గుర్రం మీద వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, మలేరియా పడి లేచినవాడిలా ఉన్నాడు. కుర్చీలో కూర్చుని చేతికర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు. అంగడి ఎన్నడూ అంతగా నిండలేదు. కొంటకు అవతలి నుంచి, చింతలనార్ వైపు నుంచి కూడా వచ్చారు. చాలామంది చంకల్లో బుట్టలున్నాయి, బుట్టల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. అనుమతి ఆ రోజే వస్తే ఆ రోజే పందెం వేయవచ్చని పుంజుల్ని తెచ్చుకున్నారు. దొర ముందు అవి కూయకుండా ఉండాలని ఒక్కొక్కడూ బుట్టను ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డను జోకొట్టినట్టు జోకొడుతున్నాడు.

ముందు వేషం. జర్మనీ చక్రవర్తి సొరబుర్ర టోపీతో, ఎలుగు మీసాలతో వచ్చాడు. ఠాణేదారు నడక నడిచాడు. వెదురు కర్రతో ఆకాశానికి గురి పెట్టి, ఫ్రాన్సును పట్టుకురమ్మని ఒక మేకకు ఆజ్ఞ ఇచ్చాడు. మేక టోపీ వాసన చూసింది. దొర మొదట పెదవి బిగించాడు, తరువాత నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఠాణేదారు నా చెవిలో, కోళ్ళు వచ్చేసినట్టేనని అన్నాడు.

తరువాత తాడు. డోళ్ళు మోగాయి. ఆడవాళ్ళు ముందుకు వచ్చి పాట అందుకున్నారు, రెండు వైపులా ఒకరినొకరు తిట్టుకునే పాట. ఇంగ్లండు గట్టిగా లాగింది. జర్మనీ మడమలు నేలలో దున్నుకుంటూ వచ్చాయి. చక్రవర్తి టోపీ పక్కకు జారింది. గీతకు జానెడు దూరం ఉంది. దొర లేచి నిలబడ్డాడు. ఠాణేదారు చప్పట్లకు చేతులు ఎత్తాడు.

అప్పుడు పటేలు వెనక్కి తిరిగి తనవాళ్ళను చూశాడు. నవ్వాడు. ఇంగ్లండు మొత్తం ఒక్కసారిగా తాడు వదిలేసింది.

జర్మనీ వెల్లకిలా పడింది. అందరికంటే వెనకవాడు ఉప్పు వర్తకుడి బస్తాల మీద పడ్డాడు. చక్రవర్తి లేచి, తాడు మొత్తం భుజాన చుట్టుకుని, ఆడవాళ్ళ ముందు గంతులు వేశాడు. జనం రెండు వైపులా కేకలు పెట్టారు. ఓడినవాళ్ళే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. ఇంగ్లండు వెళ్ళి జర్మనీకి దుమ్ము దులుపుతోంది. ఆ సందడిలో ఎవరి ఒళ్ళోనో ఒక పుంజు కూసింది.

దొర కూర్చోలేదు. ముఖంలో నవ్వు పోయింది. అలజడి జరిగి ఎన్నో ఏళ్ళు కాని ప్రాంతంలో, వందలమంది ఎదుట, ఇంగ్లండు చేతులారా జర్మనీకి లొంగిపోయింది. దాన్ని చూసి జనం ఆనందిస్తున్నారు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే అనుకుంటారు. ఠాణేదారు పటేలు రెక్క పట్టుకుని, "బగావత్ హుజూర్, ఇది బగావత్" అన్నాడు. బగావత్ అంటే తిరుగుబాటు. ఆ మాట అందరికీ తెలుసు. ఆ మాటకు కొరడా దెబ్బలు తిన్నవాళ్ళు ఆ గుంపులోనే ఉన్నారు. డోళ్ళు ఆగిపోయాయి. బుట్టల మీద గుడ్డలు మళ్ళీ బిగించుకున్నారు.

దొర ఠాణేదారును ప్రశ్న అడిగాడు. ఠాణేదారు నన్ను చూపించాడు.

నేను ముందుకు నడిచాను. జీవితంలో మొదటిసారి ఒక ఇంగ్లీషువాడితో ఇంగ్లీషులో మాట్లాడాను. "మహాశయా, వంశవృక్షమును అనుసరించి" అని మొదలుపెట్టాను. మన చక్రవర్తి తండ్రిగారి అక్కగారి సంగతి, ఆమె వివాహ సంగతి, కుమారుని సంగతి, అన్నీ వరుసగా, క్రియాపదాలు ఎక్కడా తప్పకుండా చెప్పాను. దొర ముఖం నేను చెబుతున్నకొద్దీ ఎర్రబడింది. అది కోపమనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, పాపం, ఆయనకు దారి లేదు. నేను చెప్పింది అబద్ధమనడానికి లేదు. నిజమనడానికి అసలే లేదు. యుద్ధం వచ్చాక ఆ చుట్టరికం గురించి వాళ్ళ దేశంలోనే ఎవరూ మాట్లాడుకోవడం లేదని నాకు చాలా కాలం తరువాత మరో గ్రంథాలయంలో తెలిసింది.

చివరికి ఆయన, యుద్ధంలో చుట్టరికాలు ఉండవని చెప్పమన్నాడు. తాడు ఎందుకు వదిలారో పటేలునే చెప్పమన్నాడు. నేను తెలుగులో అడిగాను. పటేలు రెక్క ఇంకా ఠాణేదారు చేతిలోనే ఉంది.

"పెళ్ళిలో తాడు లాగుడు ఎట్లుంటదో దొరకు తెల్వదా?" అన్నాడు పటేలు. "డోలు మోగినంక అది పెళ్ళి లాగుడే. పిల్లనిచ్చినోళ్ళు గీత దాకా లాగాలె. మా ఇంట్ల బలమున్నది, మా పిల్ల దిక్కులేనిది కాదని వాళ్ళకు తెల్వాలె. తెలిసినంక వదిలెయ్యాలె."

"ఎందుకు వదలాలి?" అన్నాను నేను.

"మా పిల్ల వాళ్ళింట్ల ఉన్నది గద దొరా. మనం గెలిచి ఇంటికి పోతం. పొద్దున ఆ పిల్లకు బువ్వ పెట్టేది ఓడినోళ్ళే."

ఇది ఇంగ్లీషులోకి మార్చడానికి నా వ్యాకరణం పెద్దగా ఉపయోగపడలేదు. ఎట్లాగో చెప్పాను. అన్నట్టు, నేను ఆ ఊళ్ళో ఎన్నో పెళ్ళిళ్ళకు వెళ్ళాను. తాడు లాగే దాకా మాత్రం ఎప్పుడూ ఉండలేదు, పుస్తకం చదువుకోవాలని ముందే వచ్చేసేవాణ్ణి. సాధనలో ప్రతిసారీ ఇంగ్లండు ఎందుకు గెలిచిందో కూడా అప్పుడే బోధపడింది. సాధనలో డోలు లేదు.

దొర పటేలు వైపు తిరిగాడు. పటేలు వెనక ఆడవాళ్ళలో ఒక కొత్త కోడలు నిలబడి ఉంది. ఆమె పక్కన ఆమె అత్త. దొర వాళ్ళను చూశాడో లేదో నేను చెప్పలేను. ఆయన అక్కనెవరినో జర్మనీ వాడికి ఇచ్చారని తరువాత కొందరు పుకారు పుట్టించారు. నేను చదవందీ చూడందీ రాయను.

ఆయన చేతికర్రతో ఠాణేదారు చేతిని తాకాడు. ఠాణేదారు పటేలును వదిలాడు. తరువాత దొర తన వచ్చీరాని హిందీలో తీర్పు చెప్పాడు. ఈ అంగడిలో ఇకమీదట తాడు లాగే పోటీ జరపరాదు. అది ప్రమాదకరమైన ఆట. కోళ్ళు పెట్టుకోవచ్చు.

"కోళ్ళకు చుట్టాలు ఉండరు," అన్నాడు చివరికి, తనలో తాను అనుకున్నట్టు.

నేను దాన్ని తెలుగు చేశాను. పటేలు ఆలోచించాడు. "ఉంటరు దొరా," అన్నాడు. "అవి లెక్క చెయ్యవు."

జర్మనీ చక్రవర్తి అప్పటికే నేల మీద కూర్చుని టోపీ మీది కత్తిని విప్పుతున్నాడు. ముడి రాక పళ్ళతో లాగాడు. దొర గుర్రం చింతచెట్లు దాటక ముందే గడ్డి పీకి బరి శుభ్రం చేశారు. మీసాలు తీయడం ఎవరికీ గుర్తు లేదు. ఆ సాయంత్రం పుంజులన్నిటికీ ఎలుగు మీసాల చక్రవర్తే కత్తి కట్టాడు.

ఠాణేదారు నాతో చాలా వారాలు మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు, ఠాణాలో పంచాంగం తప్ప ఏదీ విప్పరాదని ఆజ్ఞ వేశాడు. నేను పంచాంగం చదివాను. అందులోనూ గ్రహాల శత్రుమిత్రత్వాలు ఉన్నాయి, చుట్టరికాలు కూడా. ఎవరికీ చెప్పలేదు.

ఈ జ్ఞాపకం పూర్తి కావడానికి తోడ్పడినవాళ్ళకు రుణపడి ఉన్నాను. వాళ్ళ పేర్లు చెప్పడానికి భయం లేదు. వణికే నా చేతికి బదులు శుద్ధప్రతి రాసిన మనవరాలు సీతకు. వంశవృక్షం మళ్ళీ సరిచూసుకోవడానికి పుస్తకం ఇంటికి ఇచ్చిన గ్రంథాలయం కాపలాదారు రాజయ్యకు. గట్ల వరుసలు తప్పు రాస్తే దిద్దిన సోమయ్యకు. ఇప్పపువ్వు అమ్మడానికి భద్రాచలం వచ్చినప్పుడు నా అరుగు మీద కూర్చుని, ఇది చదివించుకుని విన్న పటేలు కూతురు ముత్తమ్మకు. ఆమెకు ఇప్పుడు మనుమలున్నారు. చక్రవర్తుల గురించి రాసిందంతా ఆమె ఓపికగా విన్నది. ఏమైనా మార్చాలా అని అడిగాను.

"ఆ రాజుల ముచ్చట నాకు తెల్వదు పంతులూ," అన్నది. "మా నాయిన తాడు ఇడిసిండు. ఆ ఏడంత మా అత్త నాకే ముందు బువ్వ పెట్టింది. అది రాయి."

రాశాను.